గుండె ఆపరేషన్ తర్వాత లయ తప్పకుండా: బీటా బ్లాకరా, అమియోడరోనా?

మా బావకు బైపాస్ అయిన మూడో రోజు పొద్దున. ఐసీయూ నుంచి పక్క వార్డుకు మార్చి ఒక రాత్రే అయింది. ఇడ్లీ ముక్క తుంచి నోటిదాకా తెచ్చినవాడు ఆగిపోయాడు. "రేయ్, లోపల చేప ఎగిరినట్టుండాది రా" అన్నాడు, ఛాతీ మీద కట్టు దగ్గర చెయ్యి పెట్టుకుని. తల తిప్పి మానిటర్ చూశాను. అంతదాకా 80 దగ్గర కుదురుగా ఉన్న అంకె 138 అయింది. చూస్తుండగానే 151, మళ్లీ 124, మళ్లీ 146. పచ్చ గీత మీద ముళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి గానీ, వాటి మధ్య ఎడం ఏ రెండింటికీ ఒకేలా లేదు. డ్యూటీ నర్సు వచ్చి ఒక్క చూపు చూసి, "ఏఎఫ్ వచ్చింది. మూడో రోజు చాలామందికి వస్తుందండి, టెన్షన్ పడొద్దు" అంటూ ఈసీజీ మిషన్ తోసుకొచ్చింది.

నేను చిత్తూరులో మందుల షాపు నడుపుతాను. మా ఊరి వాళ్లకు గుండె ఆపరేషన్ అంటే ఇటు తిరుపతి స్విమ్స్, అటు వేలూరు సీఎంసీ, ఇంకాస్త స్తోమత ఉంటే చెన్నై. ఎక్కడ చేయించుకున్నా చివరికి చీటీ పట్టుకుని ఊళ్లో మందుల షాపుకే వస్తారు. అట్లా డిశ్చార్జ్ సమ్మరీలు చాలా చదివాను, వాటిలో 'పోస్ట్ ఆపరేటివ్ ఏఎఫ్' అన్న మాట చాలాసార్లు చూశాను. ఏఎఫ్ అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె పైగదుల లయ తప్పడం. ఇంటి మనిషికి వచ్చాకే దాన్ని రాకుండా ఆపే మార్గాలేమిటి, వాటిలో ఏది ఎవరికి సరిపోతుంది అని కూర్చుని చదివాను. డాక్టర్లను అడిగాను. నేను డాక్టర్ని కాను, మందు నిర్ణయించేది సర్జన్, కార్డియాలజిస్టు. కానీ ఆపరేషన్‌కు ముందు వాళ్లతో కూర్చునే ఆ పది నిమిషాల్లో ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి. అందుకే ఇది.

అసలు ఎందుకు వస్తుంది

గుండె పైగదులు ఒక్క తాళంలో ముడుచుకోవడం మానేసి వణకడం మొదలుపెడతాయి. దాంతో కిందిగదులకు సంకేతాలు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి పడతాయి. నాడి అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది. బైపాస్ ఒక్కటే చేయించుకున్న వాళ్లలో దాదాపు పదిమందిలో ముగ్గురికి ఇది వస్తుంది. వాల్వు మార్చిన వాళ్లలో పదికి నలుగురు. రెండూ కలిపి చేస్తే సగం మంది దాకా. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యే ఎక్కువ.

కారణం ఒక్కటి కాదు. గుండెను చేత్తో పట్టుకుని, కోసి, కుట్టారు కాబట్టి అది వాచి ఉంటుంది. చుట్టూ ఉన్న సంచిలో కాస్త రక్తం, నీరు చేరి పైగదులను ఒరుసుకుంటూ ఉంటాయి. ఎక్కించిన సెలైన్ ఒంట్లో అటూ ఇటూ సర్దుకుంటుంది, పొటాషియం, మెగ్నీషియం తగ్గుతాయి. అన్నిటికీ మించి, ఇంత పెద్ద గాయం తగిలిన శరీరం అడ్రినలిన్‌ను కుమ్మరిస్తుంది. బీటా బ్లాకర్ అనే రకం మందు పనిచేసేది ఈ చివరి దాని మీదే.

ఎవరికి ఎక్కువగా వస్తుంది అంటే మొదట చూడాల్సింది వయసు. డెబ్బై దాటిన వాళ్లకు యాభై ఏళ్ల వాళ్ల కంటే బాగా ఎక్కువ. ఇంతకుముందే ఒకసారి లయ తప్పి ఉన్నా, ఎకోలో ఎడమ పైగది పెద్దదైందని రాసున్నా, బీడీ సిగరెట్లతో ఊపిరితిత్తులు దెబ్బతిని ఉన్నా, కిడ్నీ బాగా లేకున్నా అవకాశం పెరుగుతుంది.

చాలామందికి నాలుగైదు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. మరి అంత జాగ్రత్త ఎందుకంటే, పైగది వణుకుతున్నంతసేపు రక్తం ఒక మూల నిలిచి గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. అందుకే లయ తప్పడం ఒకటి రెండు రోజులు దాటితే రక్తం పలచబరిచే మందు కూడా మొదలుపెడతారు. ఆసుపత్రిలో ఇంకో రెండు మూడు రోజులు ఉండాల్సి వస్తుంది. ఇంటి నుంచి క్యారియర్ తెచ్చేవాళ్ల అలుపు సంగతి లెక్కలోకి రాదు గానీ, అదీ ఉంది.

'లోల్' కుటుంబం

పేరు చివర 'లోల్' అని ఉంటే అది దాదాపుగా బీటా బ్లాకరే: మెటోప్రోలోల్, బిసోప్రోలోల్, అటెనోలోల్, కార్వెడిలోల్, ప్రొప్రానోలోల్. మొదట బాగా వాడుకలోకి వచ్చింది ప్రొప్రానోలోల్. 1960లలో దాన్ని తయారుచేసిన సర్ జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. అడ్రినలిన్ వచ్చి గుండె తలుపు కొట్టినా వినపడనట్టు చేయడం దీని పని. నాడి నెమ్మదిస్తుంది, బీపీ తగ్గుతుంది, పైగదుల చిరాకు తగ్గుతుంది.

ధర చూస్తే మా షాపులో చవకైన మందుల్లో ఇదొకటి, జనౌషధిలో ఇంకా చవక. నెలనెలా కొన్నా ఎవరి ఇల్లూ గుల్ల కాదు.

ఇప్పుడు మా బావ సంగతి. ఆయనది బంగారుపాళెం దగ్గర మామిడి తోట. పదేళ్లుగా బీపీకి ఒకటే మాత్ర వేసుకుంటున్నాడు. అది ఆమ్లోడిపిన్, అటెనోలోల్ రెండూ కలిపిన మాత్ర. మన దగ్గర ఇట్లాంటి జంట మాత్రలు చాలా వాడతారు. అడ్మిట్ అయ్యేటప్పుడు, "ఏం మందులు వాడతారు?" అని అడిగితే అక్క, "బీపీ బిళ్ళ ఒకటి" అని చెప్పింది. మాత్రల షీటు బయటే ఉండిపోయింది, సంచిలో. రాసుకున్న జూనియర్ డాక్టర్ ఆమ్లోడిపిన్ అని రాసుకున్నాడు. ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు నుంచి అటెనోలోల్ బంద్. ఆపరేషన్ అయ్యాక కూడా దాని ఊసు లేదు. మూడో రోజు చేప ఎగిరింది.

అది ఏ ఆసుపత్రో చెప్పను, చెప్పి లాభం లేదు. తప్పు వాళ్లది కొంత, మాది కొంత. మందుల షాపు నడిపే బామ్మర్ది ఉండి కూడా ఆ షీటు తెచ్చి డాక్టర్ ముందు పెట్టాలని తోచలేదు. అటెనోలోల్ ఆగకపోతే రాకుండా ఉండేదా అంటే ఖాయంగా చెప్పలేం. వేసుకుంటున్న వాళ్లకూ వస్తుంది. కానీ ఏళ్ల తరబడి బీటా బ్లాకర్ వాడుతున్న వాళ్లకు అది హఠాత్తుగా ఆగితే గుండె మామూలు కంటే ఎక్కువగా అడ్రినలిన్‌కు ఉలిక్కిపడుతుంది. ఇది ఎప్పటి నుంచో తెలిసిన విషయం, మందు పెట్టెలోని కాగితంలో కూడా 'ఒక్కసారిగా ఆపొద్దు' అని రాసుంటుంది.

ఇక్కడ పరిశోధనల గురించి ఒక ముక్క చెప్పాలి, మందుల కంపెనీ రెప్రజెంటేటివ్‌లు చెప్పని ముక్క. పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్క వేస్తే బీటా బ్లాకర్ ఇచ్చిన వాళ్లలో లయ తప్పడం దాదాపు సగానికి తగ్గింది. చూడ్డానికి గొప్ప ఫలితం. కానీ ఆ ప్రయోగాల్లో చాలావాటిలో మందు ఇవ్వని గుంపులో అంతకుముందు బీటా బ్లాకర్ వాడుతూ, ప్రయోగం కోసం ఆపేసిన వాళ్లు ఉన్నారు. అంటే తేడాలో కొంత మందు మేలు, కొంత మందు ఆపిన కీడు. అందుకని నా లెక్క ఇది: ముందు నుంచీ వాడుతున్న వాళ్లకు దాన్ని కొనసాగించడం వల్ల కలిగే లాభం చాలా గట్టిది. ఎన్నడూ వాడని మనిషికి కొత్తగా మొదలుపెడితే కలిగే లాభం ఉంది గానీ, ఆ 'సగం' అన్నంత కాదు.

ఇంకో మాట. ఇదంతా గుండె ఆపరేషన్‌కే. కాలు విరిగి ఆపరేషన్‌కు పోతున్న వాళ్లు, గాల్ బ్లాడర్ తీయించుకుంటున్న వాళ్లు దీన్ని చూసి కొత్తగా బీటా బ్లాకర్ అడగకూడదు. 2008లో వచ్చిన పోయిస్ అనే పెద్ద ప్రయోగంలో 8 వేల మందికి పైగా ఉన్నారు, అందరూ గుండె కాని ఆపరేషన్ల వాళ్లు. ఆపరేషన్ రోజే మెటోప్రోలోల్ పెద్ద డోసు మొదలుపెడితే గుండెపోట్లు తగ్గాయి గానీ, పక్షవాతాలూ మరణాలూ పెరిగాయి. 2024 యూరప్ మార్గదర్శకాలు కూడా గుండె కాని ఆపరేషన్లలో లయ కోసం అందరికీ ఇవ్వొద్దనే అంటున్నాయి.

'లోల్'లలో ఏది

ఇది డాక్టర్ చేతిలో పని, అయినా తేడా తెలిస్తే చీటీ చదవడం తేలిక.

మెటోప్రోలోల్ మన దగ్గర ఎక్కువ రాసేది. రెండు రకాలు: టార్ట్రేట్ అయితే రోజుకు రెండుసార్లు, సక్సినేట్ అయితే ఒక్కసారి. సక్సినేట్ మాత్ర మెల్లగా కరిగేలా చేసింది, దాన్ని నూరి తినిపించకూడదు. ఆపరేషన్ తర్వాత మింగలేకపోతున్నాడని చెంచాతో నలిపి పెరుగులో కలిపి పెట్టిన కోడళ్లు నాకు తెలుసు. ఒక రోజు మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతుంది. గీత ఉన్న మాత్రను గీత మీద సగానికి విరవొచ్చు, అంతే. మింగడం కష్టమైతే డాక్టర్‌కు చెబితే మార్చి రాస్తారు.

బిసోప్రోలోల్ రోజుకు ఒకటి, చిన్న డోసుల్లో దొరుకుతుంది. మెటోప్రోలోల్‌లాగే ఇదీ ఊపిరితిత్తుల కన్నా గుండె మీదే ఎక్కువగా పనిచేస్తుంది. అందువల్ల బీడీ ఊపిరితిత్తుల వాళ్లకు ఈ రెండింటిలో ఒకటి ఎంచుకుంటారు. కార్వెడిలోల్ గుండె పంపింగ్ తగ్గిన వాళ్లకు మంచిది, కానీ అది ఊపిరి గొట్టాలనూ పట్టుకుంటుంది, బీపీని కూడా జాస్తిగా దించుతుంది. అటెనోలోల్ కిడ్నీ గుండా బయటికి పోయే మందు. క్రియాటినిన్ పెరిగిన వాళ్లలో, అంటే కిడ్నీ సరిగా వడకట్టని వాళ్లలో, అది ఒంట్లోనే నిలిచిపోయి నాడి మరీ పడిపోతుంది. ఐసీయూలో వెంటనే అదుపు కావాలంటే ఎస్మోలోల్ అని డ్రిప్‌లో ఎక్కిస్తారు, ఆపిన కాసేపటికే దాని ప్రభావం పోతుంది. ఇంటికి దానితో పనిలేదు.

బీటా బ్లాకర్ అసలు పనికిరాని వాళ్లున్నారు. నిజమైన ఉబ్బసం ఉన్నవాళ్లు ముందుగా చెప్పాలి. నాడి ఇప్పటికే 50 దగ్గర ఉన్నవాళ్లు, పేస్‌మేకర్ లేకుండా హార్ట్ బ్లాక్ (రక్తనాళాల బ్లాక్ కాదు, పైగదుల సంకేతం కిందికి సరిగా అందని జబ్బు) ఉన్నవాళ్లు, ఆపరేషన్ తర్వాత బీపీ నిలబెట్టడానికి మందులు ఎక్కుతున్న వాళ్లకు వెంటనే ఇవ్వరు. "ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. షుగర్ వాళ్లు ఇంకో విషయం తెలుసుకోవాలి: షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, చేతుల వణుకు బీటా బ్లాకర్ వల్ల తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. చల్లగా చెమట పడితే దడ లేదు కదా అని ఊరుకోకుండా షుగర్ చూసుకోవాలి.

అమియోడరోన్: బలమైనది, బరువైనది

లయను నిలబెట్టడంలో అమియోడరోన్ గట్టి మందు. 2005లో కెనడాలో 601 మంది మీద చేసిన పాపాబేర్ అనే ప్రయోగం ఉంది. ఆపరేషన్‌కు ఆరు రోజుల ముందు మొదలుపెట్టి, తర్వాత ఆరు రోజుల దాకా అమియోడరోన్ మాత్రలు ఇచ్చారు. లయ తప్పింది 16 శాతం మందికి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్లలో 29.5 శాతం. బీటా బ్లాకర్ వాడుతున్న వాళ్లలోనూ మేలు కనిపించింది. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. నిజానికి ఈ మందుల్లో ఏదీ ప్రాణాలు నిలబెడుతుందని ఇంతవరకు గట్టిగా తేలలేదు. తగ్గేవి దడ, ఆసుపత్రిలో ఉండే రోజులు.

మరి అందరికీ అమియోడరోనే ఇస్తే పోలేదా? దాని బరువులో మూడో వంతుకు పైగా అయోడిన్. అది థైరాయిడ్‌ను అటో ఇటో లాగుతుంది. కాలేయం, ఊపిరితిత్తులు, కళ్లు కూడా చూసుకుంటూ ఉండాలి. ఒంట్లోంచి పోవడానికి వారాలు, నెలలు పడుతుంది. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. మే నెలలో మామిడి కోతకు నిలబడే మనిషికి ఆ చివరిది చిన్న విషయం కాదు. వాల్వు మార్పించుకుని వార్ఫరిన్ గానీ, అసినోకుమరాల్ గానీ వేసుకునేవాళ్లకు అమియోడరోన్ మొదలైతే రక్తం మరీ పలచబడుతుంది. రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష దగ్గర దగ్గరగా చేయించుకోవాల్సి వస్తుంది.

వారం పది రోజుల కోర్సులో వీటిలో చాలా భాగం కనిపించవు. నా ఫిర్యాదు కోర్సు గురించి కాదు, అది ఎక్కడ ఆగాలో అక్కడ ఆగకపోవడం గురించి. డిశ్చార్జ్ అప్పుడు 'అమియోడరోన్ 200' అని రాసిస్తారు, ఆరు వారాలకు అనుకుని. చీటీలో ఆ 'ఆరు వారాలు' అన్న ముక్క ఉండదు. రివ్యూకి పోవడం కుదరదు. పాత షీటు చూపించి అదే ఇమ్మంటారు. రెండేళ్ల తర్వాత కూడా అదే మందు కొనుక్కుంటూ ఉన్న పెద్దాయన ఒకరిని నేనే పట్టుకుని, "తాతా, ఇది ఎన్నాళ్లు వేసుకోమన్నారు?" అని అడిగాను. "ఆపమని ఎవురూ చెప్పలేదప్పా" అన్నాడు. డాక్టర్ దగ్గరికి పంపిస్తే థైరాయిడ్ అప్పటికే దెబ్బతినుంది. దీంట్లో నా పాపం కూడా ఉంది, అన్ని నెలలు నేనూ అమ్మాను.

అందుకే అమియోడరోన్ రాసిన రోజే అడగండి: ఏ తేదీన ఆపాలి? ఆ తేదీ షీటు వెనక పెన్నుతో రాయించుకోండి.

మార్గదర్శకాలు ఏమంటున్నాయి? 2023లో అమెరికా వాళ్లు రిస్కు ఎక్కువున్న గుండె ఆపరేషన్ పేషెంట్లకు బీటా బ్లాకర్ గానీ, అమియోడరోన్ గానీ కొద్దికాలం ఇవ్వడం సబబే అన్నారు, రెండింటినీ ఒకే మెట్టు మీద కూర్చోబెట్టి. 2024లో యూరప్ వాళ్లు, మందుతో ఆపాలనుకుంటే అమియోడరోన్ అని పేరు పెట్టి చెప్పారు. అంటే పెద్దవాళ్ల మధ్యే ఏకాభిప్రాయం పూర్తిగా లేదు. మీ సర్జన్ ఒక దాన్ని, పక్క ఊరి సర్జన్ ఇంకో దాన్ని ఎంచుకుంటే ఇద్దరిలో ఒకరు తప్పని అనుకోవద్దు.

సోటలోల్ అని ఒకటుంది, పేరుకు లోలే, కానీ లయ మందు గుణం కూడా ఉంది. మామూలు బీటా బ్లాకర్ కన్నా బాగా ఆపుతుంది. అయితే ఈసీజీలో క్యూటీ అనే గడిని సాగదీసి, అరుదుగా ప్రాణాంతకమైన లయను తెస్తుంది. కిడ్నీ బాగా లేని వాళ్లలో ఇంకా ప్రమాదం. దీన్ని నేను ముందు వరసలో పెట్టను.

మిగతావి, త్వరగా

మెగ్నీషియం డ్రిప్ చవక, హాని తక్కువ, ఫలితం మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంది. రక్తంలో తగ్గి ఉంటే ఇవ్వాల్సిందే. పొటాషియాన్ని 4.5 పైనే ఉంచాలని గంటగంటకీ ఎక్కించడం ఎన్నో ఐసీయూల అలవాటు. 2024లో వచ్చిన టైట్ కే ప్రయోగంలో 3.6 కంటే తగ్గినప్పుడే ఇచ్చినా లయ విషయంలో నష్టమేమీ కనిపించలేదు. ఇది చదివి కొబ్బరినీళ్లు మానేయక్కర్లేదు, అలాగని కిడ్నీ పేషెంటుకు బొండాల మీద బొండాలు పట్టించనూ వద్దు.

కొలెస్ట్రాల్ మాత్రలు లయను కాపాడతాయని కొన్నాళ్లు నమ్మారు. 2016లో బీజింగ్‌లో 1,922 మంది మీద రోసువాస్టాటిన్ పరీక్షిస్తే లయ విషయంలో లాభం లేదని తేలింది, పైగా కిడ్నీ ఇబ్బంది కొంచెం ఎక్కువైంది. ఇంతకుముందు నుంచి వాడుతున్న వాళ్లు రక్తనాళాల కోసం దాన్ని కొనసాగించాలి, అది వేరే సంగతి. చేపనూనె మాత్రలూ 2012లోనే తేలిపోయాయి. గౌట్‌కు వాడే కోల్చిసిన్ వాపు తగ్గిస్తుంది గానీ విరేచనాలు పట్టుకుంటాయి. డిగాక్సిన్ రాకుండా ఆపదు, వచ్చాక వేగం తగ్గించడానికి మాత్రం పనికొస్తుంది.

నాకు బాగా నచ్చింది మందు కానిది ఒకటి. గుండె చుట్టూ ఉన్న సంచికి వెనక వైపు సర్జన్ ఒక చిన్న గాటు పెడతాడు. చేరిన రక్తం, నీరు అక్కడ నిలవకుండా ఎడమ ఛాతీలోకి దిగిపోతాయి, అక్కడి నుంచి ట్యూబు లాగేస్తుంది. 2021లో న్యూయార్క్‌లో 420 మంది మీద చేసిన ప్రయోగంలో గాటు పెట్టిన వాళ్లలో 17 శాతానికే లయ తప్పింది, పెట్టని వాళ్లలో 32 శాతానికి. ఖర్చు లేదు, మాత్ర లేదు, నిమిషాల పని. మైట్రల్ వాల్వు ఆపరేషన్ల వాళ్లను అందులో చేర్చలేదు కాబట్టి వాళ్లకు ఇదే లెక్క వర్తిస్తుందని అనలేం. సర్జన్‌ను, "వెనక వైపు గాటు పెడతారా సార్?" అని అడగడంలో తప్పు లేదు. ఒకాయన నవ్వి, "ఇదెక్కడ చదివినావప్పా" అన్నాడు, కానీ జవాబు చెప్పాడు.

మీది ఏ కేసు

ఇప్పటికే బీటా బ్లాకర్ వాడుతుంటే, జంట మాత్రలో దాక్కుని ఉన్నా సరే, ఎంచుకోవాల్సిందేమీ లేదు. ఆపకూడదు. ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవాలా అని అడగండి, చాలాచోట్ల వేసుకోమనే అంటారు. అయ్యాక నాడి, బీపీ కుదుటపడగానే మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో రోజూ రౌండ్స్‌లో అడగండి. మా బావకు లయ కుదిరింది అట్లాగే. అటెనోలోల్ సంగతి తెలిశాక మెటోప్రోలోల్ మొదలుపెట్టారు, తోడుగా అమియోడరోన్ డ్రిప్ నడిపారు, మర్నాడు సాయంత్రానికి గీత సరిపడింది. రెండూ కలిస్తే నాడి మరీ పడిపోవచ్చు కాబట్టి గమనించుకుంటూ ఇచ్చారు. ఛాతీ మీంచి బయటికి వచ్చే సన్నటి పేసింగ్ తీగలు, నాడి పడిపోతే కరెంటుతో గుండెను కొట్టించేవి, ఉంటాయే, అవి ఇట్లాంటి అవసరానికే.

ఎన్నడూ వాడలేదు, వయసు అరవై లోపు, బైపాస్ ఒక్కటే, ఉబ్బసం లేదు అంటే, చిన్న డోసు బీటా బ్లాకర్ చాలు. ఆపరేషన్‌కు ముందు రోజుల్లోనో, అయ్యాక స్థిమితపడగానో మొదలుపెడతారు. గుండెపోటు తర్వాత బైపాస్‌కు వచ్చిన వాళ్లయితే దానికే ఇంకో కారణం కూడా ఉంటుంది.

డెబ్బై దాటి, వాల్వు ఆపరేషన్, ఎడమ పైగది పెద్దది అంటే, బీటా బ్లాకర్‌తోపాటు అమియోడరోన్ కోర్సు గురించి తప్పకుండా అడగాలి. ఆరు రోజుల ముందు మొదలుపెట్టాలంటే అడ్మిషన్ రోజు అడిగి లాభం లేదు, తేదీ ఖాయమైన రోజే అడగాలి. ఉబ్బసం ఉంటే అమియోడరోన్ ముందుకొస్తుంది. థైరాయిడ్ జబ్బున్నా, ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బున్నా అది వెనక్కి పోతుంది. రెండూ పనికిరాని మనిషికి మెగ్నీషియం, ఆ గాటు, దగ్గరుండి మానిటర్ చూసుకోవడం మిగులుతాయి. లయ తప్పినా మందుతో పట్టుకోవచ్చు.

ఇంటికి వచ్చాక

షాపులో నేను చూసే పెద్ద పొరపాటు అమియోడరోన్ కూడా కాదు, రెండు లోల్‌లు. ఆసుపత్రి వాళ్లు మెటోప్రోలోల్ రాస్తారు. ఇంట్లో పాత అటెనోలోల్ డబ్బా అలాగే ఉంటుంది. 'ఇది గుండెకు, అది బీపీకి' అనుకుని రెండూ వేసుకుంటారు. ఒకాయన కళ్లు తిరుగుతున్నాయని మా షాపు మెట్ల మీద కూర్చుంటే నాడి పట్టుకున్నాను, 44. కొత్త చీటీ వచ్చిన రోజే పాత డబ్బా తీసుకుని షాపుకు రండి, లోల్ ఉన్నవన్నీ పక్కకు తీసిస్తాం.

నాడి చూసుకోవడం నేర్చుకోండి. బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. లయ తప్పినప్పుడు 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు లెక్క వస్తుంది. కూర్చుని ఉన్నా 120 దాటి అడ్డదిడ్డంగా ఉంటే, 50 కన్నా తగ్గి కళ్లు తిరిగితే, డాక్టర్‌కు ఫోన్ చేయాలి. మూతి వంకర పోయినా, మాట తడబడినా ఫోన్లు కాదు, 108.

ఇక మొక్కులు. బావ ఆపరేషన్‌కు ముందే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాడు. 3,550 మెట్లు. గుండె జబ్బున్న వాళ్లు నడిచి రావొద్దని దేవస్థానమే చెబుతోంది. దానికి తోడు బీటా బ్లాకర్ మీద ఉన్న గుండె ఎక్కేటప్పుడు కావాల్సినంత వేగం అందుకోదు, కాళ్లు ముందే బరువెక్కుతాయి. "స్వామికి నీ కాళ్లు కాదు కావాల్సింది, బస్సెక్కు" అని అక్క తేల్చేసింది. ఆరు నెలల తర్వాత బస్సులోనే పోయి తలనీలాలు ఇచ్చి వచ్చాడు.

పోయిన వారం షాపుకు వచ్చాడు. చొక్కా జేబులోంచి షీటు తీశాడు. వెనక అక్క రాత, నీలం పెన్నుతో: 'ఇది లోల్. ఆపరాదు.' అమియోడరోన్ ఆరో వారం చివర ఆగిపోయింది, ఆ తేదీ కూడా పాత షీటు మీద రాసే ఉంది. నాడి చూశాను, 64. "చేప ఎగరలేదా?" అంటే, "చెరువు ఎండిపోయిందిలే" అని నవ్వి, మామిడి లారీ రోడ్డు మీద హారన్ కొడుతుంటే చిల్లర కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.